లాగోస్‌లో పెళ్ళి బట్ట కొనాలా, నోట్లు చల్లాలా, ‘చీఫ్’ అని పిలవాలా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. నైజీరియాలోని లాగోస్‌లో, ఇకేజా దగ్గర ఒక ఫ్యాక్టరీలో ప్రొడక్షన్ మేనేజర్‌గా చేరి నాలుగు నెలలైంది. స్టోర్స్ సూపర్‌వైజర్, యాభై దాటిన యోరుబా జాతి పెద్దమనిషి, కూతురి పెళ్ళికి పిలిచి, పెళ్ళికి వేసుకురావాల్సిన ‘మా బట్ట’ కొనమని ధర చెప్పాడు. అది మీకు దోపిడీలా అనిపించింది. పెళ్ళిలో నోట్లు చల్లాలని తోటివాళ్ళు అంటున్నారు. పైగా ఒక సప్లయర్‌ని పేరు పెట్టి పిలిస్తే మొహం మాడ్చుకున్నాడు. ఈ జనానికి ఇంత దర్పం ఏమిటి, నేను ఎంతవరకు దిగాలి అని మీ అనుమానం.

ముందు జవాబు. బట్ట మొత్తం సెట్టు కొనక్కర్లేదు. ‘ఫిలా’ అనే టోపీ ఒక్కటి కొని, డబ్బు ముందే కట్టేయండి. పెళ్ళికి తప్పకుండా వెళ్ళండి. నోట్లు మాత్రం చల్లకండి, అక్కడ అది నేరం. మీ పేరు రాసిన కవరు ఇవ్వండి. బిరుదున్న మనిషిని బిరుదుతోనే పిలవండి, తెలియకపోతే మగవారిని ‘సర్’, ఆడవారిని ‘మా’ (మేడమ్) అంటే చాలు. దోపిడీ అన్న మాట ఫ్యాక్టరీలో ఎవరి దగ్గరా అనొద్దు, సాయంత్రానికల్లా ఆయన చెవిన పడుతుంది.

ఇక దర్పం సంగతి. నైజీరియాలో గౌరవం మనసులో ఉంటే చాలదు, పదిమంది ముందు కనబడాలి, వినబడాలి. మీరు ఆయన్ని ఎంత మెచ్చుకుంటున్నారన్నది మీకు మాత్రమే తెలిస్తే ఆయన ఖాతాలో పడలేదన్నట్టే. మనం బయటినుంచి ‘షో’ అనుకునేదాంట్లో సగం నిజంగానే షో, కాదనను. మిగతా సగం ఎవరు ఎవరి పక్కన నిలబడ్డారో ఊరందరి ముందూ రాసుకునే లెక్క. మన పెళ్ళిళ్ళలో చదివింపుల పుస్తకం ఏం చేస్తుందో అక్కడ బట్ట ఆ పని చేస్తుంది. కాకపోతే పుస్తకం బీరువాలోకి పోతుంది, బట్ట ఒంటిమీద ఉంటుంది.

బట్ట లెక్క ఎలా నడుస్తుంది

దీన్ని ‘అషో ఎబీ’ అంటారు. వేడుక చేసేవాళ్ళు ఒక బట్ట, ఒక రంగు ఎంచుకుంటారు. లాగోస్ ఐలాండ్‌లోని బాలోగున్ మార్కెట్ లాంటి చోట టోకున కొని, దానిమీద కొంత వేసుకుని బంధువులకీ స్నేహితులకీ అమ్ముతారు. ఆ ‘కొంత’ మీకు దోపిడీగా కనబడింది. అది ఎక్కడికి పోతుందంటే వంటకి, కుర్చీలకి, వచ్చినవాళ్ళకి ఇచ్చే కానుకలకి. అంటే వేడుక ఖర్చులో మీ వాటా బట్ట రూపంలో వసూలవుతోంది. కొందరు మరీ ఎక్కువ వేస్తారు, దానిమీద అక్కడివాళ్ళే సణుగుతారు. సణుగుతూనే కొంటారు. రేపు వాళ్ళింట్లో వేడుకైతే వీళ్ళు కొనాలి కదా.

అందరికీ ఒకే బట్ట ఉండదు. పెళ్ళికూతురి ఇంటివాళ్ళకి ఒకటి, పెళ్ళికొడుకు వైపు ఒకటి, తల్లి స్నేహితులకి ఇంకొకటి, ఆఫీసువాళ్ళకి మరొకటి. హాల్లోకి వెళ్ళి చుట్టూ చూస్తే ఎవరు ఎంత దగ్గరో రంగుల్ని బట్టే తెలుస్తుంది. ఆహ్వాన పత్రిక అడుగున ‘కలర్స్ ఆఫ్ ది డే’ అని రాసి ఉంటుంది, అదీ ఇందుకే. బట్ట కొనలేనివాళ్ళు కనీసం ఆ రంగులో ఏదో ఒకటి వేసుకొస్తారు.

కొలతలు తెలుసుకోండి, బేరానికి కాదు, మోసపోకుండా ఉండడానికి. లేసు సాధారణంగా 5 గజాల ముక్కగా వస్తుంది. అంకారా అనే అచ్చు నూలుబట్ట 6 గజాలు, నిండు థాను అయితే 12. మగవాళ్ళ మామూలు కఫ్తాన్‌కి నాలుగు నుంచి నాలుగున్నర గజాలు సరిపోతాయి. పైన వేసుకునే పెద్ద అంగీ అగ్బాడా, లోపలి బూబా, షోకోటో అనే పైజామా, అన్నీ కలిపి కుట్టించాలంటే 10 గజాల దాకా పడుతుంది. ఆ పైన దర్జీ కూలి వేరే. మీరు అగ్బాడా జోలికి పోవద్దని నా సలహా. అలవాటు లేనివాడు దాన్ని మోయలేడు. చేతులు రెండూ అస్తమానం భుజం మీదికి మడుచుకోవాలి, అన్నం తినేటప్పుడు అది పులుసులో మునుగుతుంది. వేసుకోవడానికి కాక, వేసుకుని నడవడానికి నేర్పు కావాలి.

బట్టలోనూ అంతస్తులున్నాయి. అన్నిటికంటే పైన చేనేత ‘అషో ఓకే’. దీనికి ఓయో రాష్ట్రంలోని ఇసెయిన్ పేరుమోసిన ఊరు. సన్నటి పట్టీలుగా నేసి, పక్కపక్కన కలిపి కుడతారు. లేతగోధుమ రంగు పట్టుదైతే ‘సన్యాన్’, ఎరుపుదైతే ‘అలారీ’, ముదురు నీలం నూలుదైతే ‘ఎతూ’. ఆ తర్వాత ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ లేసు. 1970ల చమురు డబ్బు కాలంలో ఆస్ట్రియాలోని లుస్తెనావ్ అనే చిన్న పట్టణం నైజీరియా ఆర్డర్లతోనే బాగుపడింది. అంకారాలో కూడా హాలండ్ నుంచి వచ్చే వ్లిస్కోకీ చైనా సరుకుకీ మధ్య తేడాని ఆడవాళ్ళు పది అడుగుల దూరం నుంచే చెప్పగలరు. కాబట్టి ‘అదే రంగులో చవకది బయట దొరికింది’ అని తెచ్చుకోవడం కొనకపోవడం కంటే చెడ్డ. టోపీతో సరిపెట్టిన మనిషిని ఎవరూ ఏమీ అనరు. నకలు తెచ్చినవాణ్ణి మాత్రం అందరూ చూస్తారు.

మీ శ్రీమతి కూడా వస్తుంటే, ఆడవాళ్ళ తలగుడ్డ ‘గెలే’ గురించి ఒక మాట. అది కట్టడం ఒక విద్య, దానికోసం డబ్బు తీసుకుని కట్టేవాళ్ళున్నారు. పెళ్ళిరోజు పొద్దున వాళ్ళు దొరకరు. ముందే కట్టి, కుట్టి, టోపీలా పెట్టుకునే ‘ఆటో గెలే’ అడగండి. లేదంటే అదే రంగు పట్టుచీర కట్టుకుంటే అందరూ ఎంతో సంబరపడతారు, ఫోటోలకి లాగుతారు. ఇక్కడ చీర నకలు కిందికి రాదు.

నోట్లు చల్లడం

దీన్ని ‘స్ప్రే’ అంటారు. డాన్స్ చేస్తున్న వధూవరుల నుదుటిమీద ఒక్కొక్క నోటే తీసి అంటించినట్టు పెడతారు. అది కిందికి జారుతుంది, పక్కన ఒక అమ్మాయి సంచి పట్టుకుని ఏరుతూ ఉంటుంది. అందులో నేర్పంతా నెమ్మదిలో ఉంది. వంద కాగితాల కట్ట చేతిలో పట్టుకుని పాట ఒక చరణం నడిచేదాకా పెడతారు. ఒకే పెద్ద నోటు పెట్టినవాడి కంటే అదే మొత్తాన్ని చిన్న నోట్లలో పెట్టినవాడు ఎక్కువసేపు కనబడతాడు. అందుకే హాలు బయట కొత్త నోట్ల కట్టలమ్మేవాళ్ళు ఉంటారు. కట్ట విలువకి పైన కమిషన్ ఉంటుంది.

మీరు ఇది చేయొద్దు. నైజీరియా సెంట్రల్ బ్యాంక్ చట్టం, 2007, సెక్షన్ 21 ప్రకారం నైరా నోట్లు చల్లడం, వాటిమీద డాన్స్ చేయడం, తొక్కడం, అన్నీ నేరాలే. శిక్ష కనీసం 6 నెలల జైలు, లేదా కనీసం 50,000 నైరాల జరిమానా, లేదా రెండూ. కొత్త నోట్లు అమ్మడం కూడా అదే సెక్షన్‌లో నేరం. చాలా ఏళ్ళు ఇది కాగితం మీదే ఉంది. 2024 ఏప్రిల్‌లో బాబ్రిస్కీ అనే సోషల్ మీడియా ప్రముఖుడికి లాగోస్‌లోని ఫెడరల్ హైకోర్టు ఇదే నేరానికి, జరిమానాతో తప్పించుకునే వీలు లేకుండా, 6 నెలల శిక్ష వేసింది. కేసు నడిపింది ఆర్థిక నేరాల సంస్థ ఈఎఫ్‌సీసీ. అప్పటినుంచి జనం కొంచెం జాగ్రత్తపడ్డారు. అయినా మీ చుట్టూ చల్లేవాళ్ళు ఉంటారు, వాళ్ళనెవరూ పట్టుకోకపోవచ్చు. వాళ్ళ సంగతి వేరు, సెర్ప్యాక్ అనే నివాస అనుమతి కార్డు మీద ఉంటున్న విదేశీయుడి సంగతి వేరు. వీడియో ఒకటి బయటికొస్తే మీ కంపెనీ మిమ్మల్ని కాపాడదు.

మరి డాన్స్‌లోకి లాగితే? లాగుతారు, తప్పదు. పోయి రెండు నిమిషాలు ఊగండి. కవరు తీసి, ఏరుతున్న అమ్మాయి సంచిలో వేయండి, లేదా తల్లి చేతికివ్వండి. అదీ కుడిచేత్తో, లేదా రెండు చేతులతో. ఎడమచేత్తో ఇస్తే మనకెలా ఉంటుందో వాళ్ళకీ అలాగే ఉంటుంది. ఎవరైనా మీ చేతిలో నోట్ల కట్ట పెట్టి ‘చల్లు’ అంటే, నవ్వి, ఆ కట్టని విప్పకుండానే సంచిలో వేసేయండి.

డప్పులవాళ్ళు ఇంకో చిక్కు. చంకలో పెట్టుకుని తాళ్ళు నొక్కుతూ మాట్లాడించే డప్పు, గంగన్, పట్టుకుని ఒకతను సరిగ్గా మీ బల్ల దగ్గరికే వస్తాడు. యోరుబాలో స్వరం మారితే అర్థం మారుతుంది కాబట్టి ఆ డప్పుతో నిజంగానే పొగుడుతారు. బ్యాండు వాళ్ళైతే పెద్దమనుషుల పేర్లు పాటలోనే కలిపేస్తారు. జూజూ, ఫూజీ సంగీతం సగం ఈ పొగడ్తల మీదే బతికింది. చిన్న నోటు మడిచి చేతిలో పెట్టండి, తల ఊపండి, వెళ్ళిపోతాడు. మీరు పట్టించుకోనట్టు ఫోన్ చూసుకుంటే ఇంకో ఇద్దరిని పిలుచుకొస్తాడు. వచ్చేటప్పుడు జేబులో అలాంటి చిన్న నోట్లు ఒక పది విడిగా పెట్టుకోండి, కవరులో డబ్బు కదిలించకుండా.

బిరుదులు

మీ సప్లయర్ విషయంలో తప్పు మీదే, కానీ సరిదిద్దుకోదగ్గదే. అక్కడ బిరుదు అలంకారం మాత్రమే కాదు, దాని వెనక ఖర్చుంది, బాధ్యతా ఉంది. చీఫ్ అన్న మనిషి ఇంటి ముందు పొద్దున్నే నలుగురైదుగురు కూర్చుని ఉంటారు. ఒకరికి స్కూలు ఫీజు, ఒకరికి ఆసుపత్రి బిల్లు, ఒకరికి కొడుకు ఉద్యోగం. కాదంటే పేరు పోతుంది. ఇంత మోస్తున్నవాణ్ణి మీరు ఉత్త పేరుతో పిలిస్తే, ఆ మోతంతా లేనట్టు మాట్లాడినట్టే.

ముఖ్యమైనవి ఇవి. యోరుబా రాజు ‘ఓబా’ ఇచ్చే చీఫ్, ఒతున్బా. హజ్ చేసొచ్చిన మగవారు అల్హాజీ, ఆడవారు అల్హాజా. చదువుని బట్టి ఇంజనీర్, ఆర్కిటెక్ట్, బారిస్టర్, సర్వేయర్, ఫార్మసిస్ట్. వీటిని పేరు ముందు పెట్టే పిలుస్తారు, ‘ఇంజనీర్, హౌ ఆర్ యూ’ అని పేరు లేకుండా కూడా. ఈబో జాతివాళ్ళలో ‘సర్’ అని పేరు ముందుంటే అది మర్యాదకి వాడే సర్ కాదు, కేథలిక్ లేదా ఆంగ్లికన్ చర్చి నైట్ అని అర్థం, ఆయన భార్య ‘లేడీ’. ‘జేపీ’ అంటే జస్టిస్ ఆఫ్ ది పీస్, ఒక గౌరవ న్యాయ పదవి. ఇవన్నీ ఒకే మనిషికి వరసగా ఉంటే పత్రికలో వరసగానే వేస్తారు: అల్హాజీ చీఫ్ ఇంజనీర్ ఫలానా. ఒకటి ఎగరగొట్టారంటే ప్రెస్సులో తప్పు పడిందని ఎవరూ అనుకోరు.

గౌరవ డాక్టరేట్ల గోల అక్కడా ఉంది. 2012లో అక్కడి యూనివర్సిటీల వైస్ చాన్సలర్లు కెఫీ అనే ఊళ్ళో కూర్చుని, గౌరవ పట్టా ఉన్నవాళ్ళు పేరు ముందు డాక్టర్ అని పెట్టుకోకూడదని తీర్మానం చేశారు. తీర్మానం తీర్మానంగానే ఉంది. ఎవరి డాక్టరేట్ ఎలా వచ్చిందో ఆరా తీయడం మీ పని కాదు, కార్డు మీద ఉన్నది ఉన్నట్టు వాడండి.

చేయాల్సిన పని చాలా చిన్నది. విజిటింగ్ కార్డు తీసుకోగానే ఫోన్‌లో నంబరు సేవ్ చేసేటప్పుడు బిరుదుతో సహా సేవ్ చేయండి. ఈమెయిల్‌లో మొదటి పేరు వద్దు, బిరుదు, ఇంటిపేరు. మన హైదరాబాద్ ఆఫీసుల్లో మేనేజర్‌ని కూడా మొదటి పేరుతో పిలిచే అలవాటు తెచ్చుకున్నాం, దాన్ని అక్కడ దించొద్దు. సప్లయర్‌ని ఈసారి కలిసినప్పుడు ‘చీఫ్, గుడ్ మార్నింగ్ సర్’ అనండి. క్షమాపణ ప్రత్యేకంగా అక్కర్లేదు, ఆయనకి అర్థమవుతుంది.

రోజూ జరిగేది పలకరింపు

పెళ్ళి ఏడాదికి రెండుసార్లు వస్తుంది. మన వాళ్ళు నిజంగా దెబ్బతినేది మాత్రం రోజూ పొద్దున్నే. గేటు దగ్గర దిగి, ఎవరినీ చూడకుండా క్యాబిన్‌లోకి పోయి లాప్‌టాప్ తెరిచే మేనేజర్‌కి ‘పొగరు’ అన్న పేరు వారంలో వస్తుంది. ‘అతను గ్రీట్ చేయడు’ అనేది అక్కడ పెద్ద ఫిర్యాదు. చిన్నవాడు పెద్దవాణ్ణి ముందు పలకరించాలి. బయటినుంచి వచ్చినవాడు కూర్చున్నవాళ్ళని ముందు పలకరించాలి. హోదాలో మీరు పైనున్నా, వయసులో ఆయన పెద్ద, ఆ రెండో లెక్క మొదటిదానికి లొంగదు.

యోరుబా మగవాళ్ళు పెద్దలకి సాష్టాంగపడతారు, దాన్ని ‘దొబాలే’ అంటారు. ఆడవాళ్ళు మోకరిస్తారు. ఆఫీసుల్లో అది వంగి కుడిచేత్తో నేలని తాకినట్టు చేయడందాకా తగ్గింది, ఆడవాళ్ళు మోకాలు కొంచెం వంచి లేస్తారు. మీరేమీ సాష్టాంగపడక్కర్లేదు. తల కొద్దిగా వంచి, ‘ఎ కారో సర్’ అనండి, అది పొద్దుటి పలకరింపు. మధ్యాహ్నం ‘ఎ కాసాన్’, రాత్రి ‘ఎ కాలే’. ముందుండే ఆ ‘ఎ’ మన ‘మీరు’ లాంటిది, వదిలేయకండి. పెద్దాయనకి మీరే ముందు చెయ్యి చాపొద్దు, ఆయన చాపితే అందుకోండి. జేబులో చెయ్యి ఉంచుకుని మాట్లాడొద్దు.

ఇంకో రెండు మూడు మాటలు. పనిచేస్తున్న మనిషి పక్కనుంచి పోతూ ‘వెల్ డన్’ అంటారు, అది మెచ్చుకోలు కాదు, పలకరింపే. మీ కాలికి దెబ్బ తగిలితే ‘సారీ’ అంటారు, తప్పు వాళ్ళదని కాదు. తింటున్నవాడు ‘కమ్ అండ్ ఈట్’ అంటాడు, ‘థాంక్యూ సర్’ అని సాగిపోవాలి. ఇవన్నీ పైసా ఖర్చులేని గౌరవం, వీటిలో పిసినారితనం చేసి అషో ఎబీ దగ్గర వేలు పోస్తే లాభం లేదు.

వయసులో పెద్దవాణ్ణి నలుగురిలో తిట్టకండి. ఇది ఎంత చెప్పినా తక్కువే. షిఫ్టులో తప్పు జరిగితే లైను మీద అరవడం మన దగ్గర చూసిందే. అక్కడ యాభై ఏళ్ళ ఆపరేటర్‌ని అతని కుర్రాళ్ళ ముందు అరిస్తే, ‘యామ్ ఐ యువర్ మేట్?’, అంటే నేను నీ ఈడువాణ్ణా, అని తిరిగి ప్రశ్న వస్తుంది. ఆ మాట వచ్చిందంటే విషయం మెషీన్ నుంచి మర్యాదకి మారిపోయింది, ఇక మీరు గెలవలేరు. క్యాబిన్‌లోకి పిలిచి, కూర్చోమని, ఎంత గట్టిగా చెప్పినా వింటారు. మెమో ఇచ్చినా తీసుకుంటారు.

రోడ్డుమీద, బ్యాంకు లైన్లో, ‘డూ యూ నో హూ ఐ యామ్?’ అని ఎవరైనా లేస్తే, తెలుసుకోవాలన్న ఉబలాటం వద్దు. ‘సారీ సర్’ అని పక్కకి జరగండి.

లాగోస్ పద్ధతే దేశమంతటా అనుకోకండి

మీ ఫ్యాక్టరీలో ఈబోలు, హౌసాలు కూడా ఉంటారు. తూర్పున ఈబోల దగ్గర డబ్బు చూపించే చోటు పార్టీ హాలు కంటే సొంత ఊరు. లాగోస్‌లో అద్దె ఇంట్లో ఉండే వ్యాపారి, ఊళ్ళో రెండంతస్తుల మేడ కట్టి, డిసెంబర్‌లో మాత్రం పదిరోజులు అందులో ఉంటాడు. డబ్బు వృథా అని మనకనిపిస్తుంది. ఊళ్ళో ఇల్లు లేనివాడి మాట ఊరి సభలో ఎవరూ వినరు, ఆయనకి అది లెక్క. ఎర్ర టోపీ కనబడితే బిరుదున్న మనిషని తెలుసుకోండి. ఓజో బిరుదు తీసుకున్నవాళ్ళు తమలో తాము చేతుల వెనకవైపులు మూడుసార్లు తాకించుకుని ఆ తర్వాత చేయి కలుపుతారు. మీరు దాన్ని అనుకరించకండి, అది వాళ్ళకే.

ఈబో ఇంటికెళ్తే ముందు కోలా గింజ వస్తుంది. పళ్ళెం వరసగా పెద్దల చేతులు మారి తిరిగి ఇంటాయన దగ్గరికి చేరుతుంది. పెద్దవాడు దానిమీద ప్రార్థన చెబుతాడు, అదీ ఈబోలోనే. ఆ తర్వాతే పగలగొట్టి పంచుతారు. పళ్ళెం మీ దగ్గరికొస్తే గింజని తాకి పక్కవారికి అందించండి, మీరే పగలగొట్టి నోట్లో వేసుకోకండి. ముక్క వచ్చాక చేదుగా ఉన్నా కొరకండి.

వాళ్ళ దగ్గర అసలు పోటీ చావుల్లో. శవాన్ని వారాల తరబడి మార్చురీలో ఉంచి, రోడ్డు బాగుచేసి, ఇంటికి రంగులేసి, పత్రికల్లో పూర్తిపేజీ ప్రకటనలిచ్చి, బ్రాస్ బ్యాండు పెట్టి చేస్తారు. 2021 జులైలో అనాంబ్రా రాష్ట్రంలోని ఓబా ఊళ్ళో ఓబీ కుబానా అనే నైట్‌క్లబ్‌ల యజమాని తల్లి అంత్యక్రియలకి స్నేహితులు వందల ఆవులు తోలారు, దేశమంతా వారం రోజులు అదే మాట్లాడుకుంది. విచిత్రమేమిటంటే ఆ రాష్ట్రంలోనే అంత్యక్రియల ఆర్భాటాన్ని తగ్గించడానికి 2019లో చట్టం చేశారు.

ఉత్తరాన హౌసాల్లో నోటితో గొప్పలు చెప్పుకోవడం చిన్నతనం. నెమ్మది, బిడియం గొప్ప గుణాలు. అలాగని హోదా కనబడదా అంటే, బబ్బన్ రీగా అనే వెడల్పాటి కుట్టుపని అంగీ, తలపాగా, వెనక నడిచే మనుషులు, పండగనాడు ఎమీర్ ముందు గుర్రాల ఊరేగింపు, అవే మాట్లాడతాయి. పెళ్ళిలో మతం ప్రకారం పెళ్ళికూతురికి ఇచ్చే ‘సదాకీ’ సొమ్ము తక్కువే ఉండొచ్చు, కానీ పెళ్ళికొడుకు పంపే బట్టల పెట్టెలు, ‘కయాన్ లెఫె’, ఎన్నని అందరూ లెక్కపెడతారు.

దక్షిణాన నైజర్ డెల్టాలో మనకో చుట్టరికం ఉంది. అక్కడి ఆడవాళ్ళు గొప్పగా కట్టే ‘జార్జ్’ అనే బట్ట భారతదేశం నుంచి పోయేదే, ఆ పేరు మద్రాసు సెయింట్ జార్జి కోటది అంటారు. అక్కడి కలబారీ జాతివాళ్ళు పుట్టుకకీ చావుకీ పెట్టెల్లోంచి తీసే గళ్ళ చేనేత ‘ఇంజిరీ’ కూడా మన తూర్పుతీరం నేతే, చీరాల పరిసరాల మగ్గాలు కూడా ఆ మార్కెట్‌కి నేశాయి. ఆ ప్రాంతం వాళ్ళెవరైనా మీ దగ్గర పనిచేస్తుంటే ఈ మాట చెప్పి చూడండి.

కార్లు, జనరేటర్ల గురించి ఎక్కువ చెప్పను, అవి మీకే కనబడతాయి. 2003 మోడల్ హోండా అకార్డ్‌కి ‘ఎండ్ ఆఫ్ డిస్కషన్’ అని పేరు, అంటే ఇక దానికి మించి మాట్లాడేదేముంది అని. చిన్న జనరేటర్‌కి ‘ఐ బెటర్ పాస్ మై నైబర్’, పక్కింటివాడికంటే నేను నయం. తమ దర్పం మీద తామే జోకులేసుకునే జనం వాళ్ళు. మీరు ఆ జోకులకి నవ్వండి, మీరు మాత్రం వేయకండి.

అడ్వాన్సు అడిగితే

అడుగుతారు. పెళ్ళిళ్ళు, అంత్యక్రియలు, డిసెంబర్ ప్రయాణం, ఈ మూడింటికీ జీతం మించి ఖర్చవుతుంది. చాలామంది ‘అజో’ అనే చిట్టీలో వేస్తారు, కోఆపరేటివ్‌లో అప్పు చేస్తారు, అవి చాలక మీ దగ్గరికొస్తారు. 2023 జూన్‌లో నైరా విలువని మార్కెట్‌కి వదిలేశాక ధరలు ఎక్కడికో పోయాయి, వేడుకల పరిమాణం మాత్రం ఆ లెక్కన తగ్గలేదు. నా మటుకు ఇందులో నాకు అభ్యంతరం ఉంది. బట్ట కోసం అప్పుచేసి పిల్లల ఫీజు ఆపినవాళ్ళని చూస్తూ ‘సంస్కృతి’ అని ఊరుకోలేం. అలాగని ‘అంత ఆర్భాటం ఎందుకు’ అని మీరు ఉపన్యాసం ఇస్తే వినేవాడూ లేడు. రూల్ పెట్టండి: నెల జీతంలో మూడోవంతు మించకుండా, మూడు నెలల్లో కోత, పాతది తీరకుండా కొత్తది లేదు. హెచ్ఆర్ ద్వారానే. మీ జేబులోంచి ఒకరికిచ్చారంటే పదిమందికి ఇవ్వాలి, ఇవ్వకపోతే ఆ తొమ్మిదిమందీ అవమానం అనుకుంటారు.

ఇక ఆ శనివారం

పత్రికలో 12 గంటలని ఉంటే ఒంటిగంటన్నరకి వెళ్ళండి, మూడుకి ఊపందుకుంటుంది. కవర్లు రెండు పెట్టుకోండి, ఒకటి కంపెనీది, ఒకటి మీది. కంపెనీ పేరు ఎంసీ మైకులో చదువుతాడు, మీది చదవకపోయినా లోపల పేరు ఉండాలి. మిమ్మల్ని ముందు పెద్దల టేబుల్ దగ్గర కూర్చోబెడతారు, మొహమాటపడి వెనక కూర్చుంటే ఆయన పరువు మీరు తీసినట్టు. ‘మా మేనేజర్ వచ్చాడు’ అన్నది ఆయనకి మీ కవరు కంటే విలువైనది. మాట్లాడమంటే ‘ఆల్ ప్రోటోకాల్స్ అబ్జర్వ్‌డ్’ (పెద్దలందరినీ పేరుపేరునా పలకరించినట్టే) అని మొదలుపెట్టి, ఆయన ఎంత నమ్మకస్తుడో రెండు వాక్యాల్లో చెప్పి, దంపతుల్ని దీవించి దిగిపోండి.

శాకాహారులైతే: జొలోఫ్ రైస్ ఎక్కువగా మాంసం ఉడికిన నీళ్ళతో వండుతారు. మొయిన్‌మొయిన్ అలసందల ముద్దే అయినా లోపల గుడ్డో చేపో ఎండురొయ్యల పొడో ఉంటుంది. సమోసా చూసి మనదే అనుకోకండి, లోపల కీమా. వేయించిన అరటిపండు ‘దోదో’, పఫ్ పఫ్ అనే వేయించిన పిండి ఉండలు తినొచ్చు. వడ్డించే అమ్మాయికి కూర్చోగానే చెప్పండి, ప్లేటు వచ్చాక తిప్పి పంపకండి. వెళ్ళేటప్పుడు వధూవరుల ఫోటో అచ్చేసిన ప్లాస్టిక్ గిన్నో మగ్గో చేతిలో పెడతారు. ఎంత పనికిరానిదైనా పుచ్చుకోండి.

సోమవారం ఆయన కనబడగానే శనివారం వేడుకకి మళ్ళీ థాంక్స్ చెప్పండి, ఆరోజు చెప్పాం కదా అనుకోవద్దు, యోరుబాల్లో మర్నాటి కృతజ్ఞత కూడా లెక్కే. టోపీకి మాత్రం ఇవాళే తల చుట్టుకొలత టేపుతో చూసి అంగుళాల్లో పంపండి. అవి 22, 22న్నర, 23 అలా కొలత ప్రకారం కుడతారు, ఆఖరివారంలో మిగిలేవి చెవులమీదికి దిగే పెద్ద సైజులే.